బొట్టు లేని మిషన్

కొత్త కంప్యూటర్ పెట్టినోనికి చాయ తాగిస్తరు, పక్కన నిలబెట్టి ఫొటో దిగుతరు. పాతదాన్ని తీసెయ్యాలని చెప్పేటోనికి కుర్చీ గూడ వెయ్యరు. నేను ఇరవై ఏండ్లు ఆ రెండో రకం పని చేసిన. కుర్చీ వెయ్యనికాడ నేనే గుంజుకొని కూసున్న. మొన్న నేను రిటైరైతే శాలువా కప్పి, "సాయిలన్నా, కొత్తగ వచ్చే పిల్లలకు నీ అనుభవం జర రాసియ్యరాదే" అన్నరు. శాలువా కప్పినంక కాదనుడెట్ల? రాస్తున్న.

ముందే చెప్పిపెడుత. నేను తొమ్మిదో తరగతి సగంల బడి విడిచినోన్ని. లెక్కల సారు, నేను ఒకరినొకరం భరించలేక విడిపోయినం. ఇద్దరం సుఖపడ్డం. తర్వాత జనగామ స్టేషన్ రోడ్డుల రేడియోలు విప్పిన, టీవీలు విప్పిన, ఆఖరుకు కంప్యూటర్లు విప్పిన. విప్పుడు నాకు మస్తు వచ్చు, బిగిచ్చుడు తర్వాత నేర్చుకున్న. ఇందుల ఏ యేడు ఏ హోదా వచ్చింది, ఎన్ని కాయితాలు పంపిన, అవి ఉండయ్. ఎక్కువగ నేను చేసిన ఒక తప్పు ఉంటది. ఆ తప్పు వల్ల రేగొండల ఎనిమిదిమంది ఆడపిల్లలు, పరీక్ష నెత్తిమీదికొచ్చినంక, అట్టముక్కల మీద టైపింగ్ చేసిన్రు.

పని ఇది

మాది అందరికీ తెరిచిపెట్టిన సిస్టమ్. సిస్టమ్ అంటే కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాం. కొనేది లేదు, దాచేది లేదు. లోపలి రాత ఎవరైనా చదువొచ్చు, దిద్దొచ్చు, ఇంకొకరికి ఇయ్యొచ్చు. బళ్లల్ల, చిన్న దుకాండ్లల్ల, పాత కంప్యూటర్లతోని ఈడ్చేటోళ్లకు అదే దిక్కు. హైదరాబాదుల రెండర్రల ఆఫీసు, జిల్లాకొక నా అసోంటి తిరుగుబోతు. గింతే మా సంసారం.

ఇగ డ్రైవర్ అంటే బస్సు నడిపేటాయన కాదు. కంప్యూటర్‌కు ప్రింటర్ తగిలిస్తం, ఏదో ఒక కార్డు గుచ్చుతం. వాటి భాష దానికి రాదు. నడుమ ఒక దుబాసి కావాలె. ఆ దుబాసి ప్రోగ్రామే డ్రైవర్. ఒక్కో సామానుకు ఒక్కో దుబాసి. కాలం గడిచి ఆ సామాను ఎవరి దగ్గరా లేకుంట పోయినా, దుబాసి మాత్రం సిస్టమ్‌ల కాలు మీద కాలేసుకొని కూసుంటడు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా వానికి గూడ కొత్త కొలతలు తీసి బట్టలు కుట్టాలె. కుట్టకపోతే చినిగిన కాడికెల్లి దొంగలు దూరుతరు. అందుకని ఏటేటా కొందరిని సాగనంపాలె. ఎవరి అవసరం తీరిందో చూసి "ఇగ తీసెయ్యొచ్చు" అని రాసిచ్చుడే నా పని.

దానికొక పద్ధతుండె. ముందుగాల అందరికీ ఈమెయిలు పంపేది: ఫలానా కార్డు ఎవరన్న వాడుతున్నరా, వాడుతుంటే చెప్పుండ్రి. కొన్నాళ్లు చూసేది. ఎవరూ పలకకపోతే ఎవరూ లేరని లెక్క. ఈమెయిలు చూసేటోళ్లకు అది సరిపోతది. మా దిక్కు కంప్యూటర్ వాడేటోళ్లల్ల సగం మందికి ఈమెయిలు అంటే పిల్లల రిజల్ట్ చూసేదని తెలుసు, అంతే. అందుకని జనగామ, మానుకోట, భూపాలపల్లి దిక్కు నేనే తిరిగి చూసి చెప్పాలె. అప్పుడు ఇవన్నీ ఒక్కటే జిల్లా. రాష్ట్రం ఇంకా రాలేదు. రోడ్డు మీద ఎక్కడ చూసినా టెంటు, టెంటు కింద దీక్ష, దీక్ష పక్కన పాట.

ప్రసాద్ సారు

నా పై అధికారి ప్రసాద్ సారు. కృష్ణా జిల్లాయన. ఇస్త్రీ చెదరని మనిషి, మాట గూడ ఇస్త్రీ చేసే మాట్లాడేటోడు. నన్ను పనిలకు తీసుకున్నది ఆయనే. సిస్టమ్‌ల ఒక లోపం గురించి నేను తిడుతూ ఉత్తరం రాస్తే పిలిపిచ్చిండు.

"నీ ఉత్తరంలో తప్పులు పదిహేడు ఉన్నాయయ్యా. నువ్వు చెప్పిన లోపం మాత్రం నిజం. ఎప్పుడు చేరతావు?"

"తప్పులు దిద్దుకొని రమ్మంటరా సార్?"

"వద్దు. అప్పటికి ముసలాడివైపోతావు."

ఉద్యమం జోరుమీదున్న రోజులల్ల మా ఇద్దరికి ఎట్ల పొసిగిందని చానమంది అడిగిన్రు. బాగనే పొసిగింది. పొద్దున్నే ఫోన్ చేసేటోడు.

"సాయిలూ, రేపు బందట కదా. ఎవరు ప్రకటించారు?"

"మేమే సార్."

"అయితే ఆ పని ఎల్లుండి చేద్దువుగానీలే. మీకెలాగూ అడ్డుచెప్పేవాడు లేడు."

సినిమాలల్ల మా భాష మాట్లాడేటోన్ని జోకర్‌గాన్ని చేసేటోళ్లు. ప్రసాద్ సారు అట్ల ఎన్నడూ నవ్వలేదు. నేను నవ్విస్తెనే నవ్విండు. ఆ తేడా తెలిసిన అధికారి దొరికితే ఇడిసిపెట్టకుండ్రి.

ఆయన ఒక్క నియమం పెట్టిండు. ఏ డ్రైవర్‌ను తీసేసినా, ఎందుకు తీసేసినమో ఒక్క వాక్యంల రాయాలె, కింద మన పేరు పెట్టాలె. "తీసేయడానికి ఒక్క నిమిషం చాలు. ఆ వాక్యం రాయడానికి ఎంతసేపు పడుతుందో చూడు" అనేటోడు. నేను చానేండ్లు అది కాయితం పని అనుకున్న.

అడిగితే చెప్పరు

ఊరూరు తిరిగి "మీ దగ్గర పాత కార్డులున్నయా, పాత ప్రింటర్లున్నయా" అని అడిగేది. ఎవడన్నా నిజం చెప్తడా?

మానుకోటల ఒక ప్రెస్సాయన నన్ను చూడంగనే పాత ప్రింటర్ మీద పాత చీర కప్పిండు. నేను పన్ను ఆఫీసు నుంచి వచ్చిన్నని ఆయన భయం. "అదేంది?" అంటే "మా అత్తమ్మ" అన్నడు. చీర కింద నుంచి కాయితం బయటికొస్తాంది. "అత్తమ్మ ఏదో రాస్తాందే" అన్న. ఇద్దరం నవ్వినం గానీ చీర మాత్రం తియ్యలేదు.

బయ్యారంల ఇంకో ఆయనది దీనికి ఉల్టా. నేను పాత ఇనుప సామాను కొనేటోన్ననుకొని, "ఎంత పాతది గావాలె సార్? బగ్గ పాతది గావాలంటె రేపు రాండ్రి" అన్నడు. లేని కార్డుల పేర్లు గూడ చెప్పిండు.

భయపడ్డోడు ఉన్నది లేదంటడు, ఆశపడ్డోడు లేనిది ఉందంటడు. నా నోట్‌బుక్కు నిండింది గానీ అందుల ఒక్క నిజం లేదు. పరేషాన్ అయిన.

దసరా లెక్క

ఆ పరేషాన్‌ల ఉండంగనే దసరా వచ్చింది. దసరా తెల్లారి ఒక దుకాణంల మిషన్ బాగుచెయ్యనీకె పోయిన. కొత్త ప్రింటర్‌కు ఏం లేదు. మూలకున్న పాత ప్రింటర్‌కు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. అడిగితే "కొత్తది చూపుకే అన్నా, అన్నం పెట్టేది గిదే" అన్నడు.

నా నెత్తిల లైటు వెలిగింది. మనోళ్లు దసరాకు పనిముట్లకు పూజ చేస్తరు గద. కొడవలికి, పాన్నాకు, కుట్టుమిషన్‌కు, ఆటోకు. కడుపు నింపేదానికే బొట్టు పెడతరు, మూలకు పడేసినదానికి పెట్టరు. మనిషి నాతోని అబద్ధమాడొచ్చు, పండుగనాడు పనిముట్టుతోని ఆడడు. ఇగ అడుగుడెందుకు? దసరా తర్వాత వారం దినాలు తిరిగి బొట్టు చూస్తే సరి. తాజా బొట్టుంటే నడుస్తాంది. పోయినేటి మసక బొట్టే ఉంటే కొన ఊపిరిల ఉంది. అసలే లేదంటే పోయింది.

ప్రసాద్ సారుకు చెప్తే చానసేపు నవ్విండు.

"ఇది శాస్త్రీయంగా లేదయ్యా."

"శాస్త్రానికి గూడ ఒక బొట్టు పెడదాం సార్."

రెండేండ్లు నా దసరా లెక్క తప్పలేదు. బొట్టు లేనియని నేను రాసిచ్చిన ఏ డ్రైవర్‌కూ ఎవడూ ఏడ్వలేదు. మా జనగామల సాయిబుల మెకానిక్ షెడ్లల్ల గూడ పనోళ్లు పాన్నాలకు బొట్టు పెడతరు. అందుకని ఇది అందరి లెక్క అనుకున్న. మానుకోటల, చిల్పూర్‌ల మీటింగులు పెట్టి మరీ గొప్పలు చెప్పుకున్న. చదువుకోనోడు ఒక్కసారి సక్కగ ఆలోచిస్తే చదువుకున్నోనికంటే ఎక్కువ గర్వపడతడు. మీరు చదువుకున్నోళ్లు గాబట్టి మీకా ప్రమాదం తక్కువ. వేరే ప్రమాదాలుంటయ్.

రేగొండల అన్నం తిన్న

మూడో యేడు సకల జనుల సమ్మె నడుమ దసరా వచ్చింది. బస్సుల్లేవు, బళ్లు లేవు, ఆఫీసులు లేవు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు పండుగ. నేను స్కూటర్ మీద తిరుగుతున్న. ఆ యేడు చూడాల్సినదాంట్ల ఒకటి ఎనిమిది తీగల కార్డు. ఒక్క కంప్యూటర్‌కు ఆ కార్డు గుచ్చితే ఎనిమిది పచ్చక్షరాల తెరలు, ఎనిమిది కీబోర్డులు తగిలియ్యొచ్చు. ఒక్క మిషన్ మీద ఎనిమిదిమంది పని. ఒకప్పుడు ఆఫీసులల్ల ఉండేది. ఈమెయిలుకు ఎవరూ పలకలేదు. నాకు తెలిసి మా దిక్కు మూడే మిగిలినయ్. జనగామ గోదాంల ఒకటి, దుమ్ము. మానుకోట మిల్లుల ఒకటి, తలుపు కొట్టుకోకుంట అడ్డం పెట్టిన్రు. మూడోది రేగొండల ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌ల.

పోయి చూస్తే తలుపుకు గొళ్లెం. కిటికీల నుంచి తొంగి చూసిన. ఎనిమిది తెరలు వరుసగ, నల్లగ. పసుపు లేదు, కుంకుమ లేదు, ఒక్క పూరేకు లేదు. పక్క దుకాణంల కుట్టుమిషన్ మాత్రం పెండ్లిపిల్ల లెక్క ముస్తాబై ఉంది. ఇంకేం గావాలె? నోట్‌బుక్కు తీసి "పోయింది" అని రాసుకున్న.

ఎదురుంగ రోడ్డు మీద వంటావార్పు. పెద్ద పెద్ద గంజులల్ల వండుతున్నరు, రోడ్డు మీదనే అందరికీ పెడుతున్నరు. నాకు పొద్దటిసంది తిండి లేదు. నలభై అయిదేండ్ల అక్క ఒకామె గంటె పట్టుకొని వడ్డిస్తాంది. నన్ను చూసి, "బండి మీద జనగామ దుకాణం పేరుంది, అంత దూరంకెళ్లి అన్నం కోసమే వచ్చినవా నాయినా?" అన్నది. విస్తరి నింపింది. నేను "ఇంకొంచెం" అన్న. మళ్లా పెట్టింది. ఆమెతోని నేను మాట్లాడింది ఆ ఒక్క మాటే. ఇది గుర్తుపెట్టుకోండ్రి.

తిని, చెయ్యి కడుక్కొని, జనగామ పోయి వాక్యం రాసిన: "వాడేటోళ్లు ఎవరూ లేరు." కింద సాయిలు అని పెట్టిన. నిమిషం పట్టలేదు.

భయం లేదు, వేసుకోండి

ఎండలు మొదలైనప్పుడు కొత్త వెర్షన్ వచ్చింది. ఆ రోజులల్ల కరెంటు గంటకోసారి పోయేది, పాత వెర్షన్‌ల కరెంటు పోతే డిస్కు పాడయ్యేది. కొత్తదాంట్ల ఆ రోగం లేదు. నేను సంబురంగ సీడీలు చేసి బళ్లకు, దుకాండ్లకు పంచిన. ఒక్కోదాని మీద నా ఫోన్ నెంబరు, కింద "భయం లేదు, వేసుకోండి" అని రాసిన. పాత సీడీలన్నీ చిల్పూర్ దిక్కు మక్క చేన్లల్ల దారానికి కట్టి చిలకలను బెదిరియ్యనీకె ఇచ్చిన.

ఒకనాడు ఫోన్.

"భయం లేదు వేసుకోండి అని రాసినోనివి నువ్వేనా నాయినా?"

"నేనే అవ్వా."

"అవ్వను గాదు, అక్కను. రేగొండ నుంచి రూతును. భయం లేకుంట వేసుకున్న. ఇప్పుడు భయమైతాంది. ఎనిమిది తెరలు కండ్లు మూసినయ్."

"రేగొండలనా? ఎనిమిది తీగల కార్డా అక్కా? అది... నడుస్తాందా?"

"నడవకపోతే నీకెందుకు ఫోన్ చేస్త? తొమ్మిదేండ్లసంది నడుస్తాంది. నా దగ్గర ఎనిమిదిమంది పిల్లలున్నరు. భూపాలపల్లిల ఆఫీసు ఉద్యోగాలకు టైపింగ్ పరీక్ష ఉంది. పన్నెండు రోజులే ఉంది. రేగొండల ఇంకో మిషన్ లేదు."

అప్పుడు గూడ నా బుద్ధి మారలేదు. నా లెక్కను కాపాడుకోవాలని చూసిన. "అక్కా, దసరప్పుడు నేను కిటికీల నుంచి చూసి పోయిందని రాసిన. మిషన్‌కు బొట్టు పెట్టలేదు గద మీరు?"

"మేం చర్చికి పోయేటోళ్లం నాయినా. మిషన్‌కు బొట్టు పెట్టం. తలుపు తీసేముందు రోజూ దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్త. అది కిటికీల నుంచి కనబడదు."

నాకు మాట దొరకకపోవుడు అదే మొదటిసారని నా భార్య ఇప్పటికీ ఆ రోజును మొక్కుకుంటది.

అట్టముక్కలు

తెల్లారి స్కూటర్ తీసిన. రేగొండల తలుపు తీసి ఉంది. లోపలికెల్లి టకటక టకటక సప్పుడు. హమ్మయ్య, ఎట్లనో నడిచిందనుకొని లోపలికి పోయిన.

నడవలేదు. ఎనిమిదిమంది పిల్లలు నల్ల తెరల ముందట కూసొని, చెప్పుల డబ్బాల అట్టల మీద పెన్నుతోని గీసిన కీబోర్డుల మీద వేళ్లు ఆడిస్తున్నరు. రూతక్క నడుమ నిలబడి పాఠం చదువుతాంది. అందరి వేళ్లు ఒక్కసారే పడుతున్నయ్. అందుకే అంత సప్పుడు.

నేను రూతక్కను చూసిన. ఆమె నన్ను చూసింది. గంటె లేదు గానీ అదే మనిషి.

"ఓ, ఇంకొంచెం నువ్వేనా!" అన్నది. "నా చేతి అన్నం రెండుసార్లు తిని, నా మిషన్ పోయిందని రాసినవా? పోయిందో ఉందో నన్నడిగితే నీ నోట్ల ముత్యాలు రాలుతయా?"

పిల్లలు వేళ్లు ఆపిన్రు. వాళ్లల్ల జమున అని ఒకామె ఉంది. బయ్యారం దిక్కు తండా. ఇంట్ల వాళ్ల భాష వేరే, ఇక్కడ మేనత్త దగ్గరుండి నేర్చుకుంటాంది. ఆమె తన అట్టముక్క ఎత్తి చూపించింది.

"సారూ, ఇదైతే మంచిగుంది. దీని మీద ఒక్క తప్పు పడదు. కరెంటుతోని పని లేదు. పరీక్ష గూడ దీని మీదనే పెట్టమని జర మీరే చెప్పరాదుండ్రి."

అందరూ నవ్విన్రు. నేను గూడ నవ్విన. నవ్వుతుంటెనే ఆమె అట్ట మీద అక్షరాలు కనబడ్డయ్. వేలు పడీ పడీ కొన్ని అక్షరాలు అప్పుడే చెరిగిపోయినయ్. మూడు రోజులల్లనే. ఆ ఉద్యోగం వస్తే ఇంట్లోళ్లు పెండ్లి మాట రెండేండ్లు వెనుకకు పెడతమన్నరని ఆమె తర్వాత చెప్పింది. ఎనిమిదిమందికీ అసోంటిదే ఏదో ఒకటుండె.

పేరెవరిది

అక్కడికెల్లే ప్రసాద్ సారుకు ఫోన్ చేసిన. స్పీకర్ పెట్టిన. తప్పంతా చెప్పిన. తిడతడనుకుంటే "బొట్టు లేకపోతే మిషన్ లేదన్నావన్నమాట" అన్నడు, గంతే. తిట్టినా బాగుండు.

"పాత వెర్షన్ పంపండ్రి సార్, ఇయ్యాలనే వేస్త."

"కరెంటు పోతే పాతది పాడవుతుంది. పరీక్ష ముందు ఆ పిల్లలకు మళ్లీ అదే గతి పట్టిద్దామా? తీసేసిన డ్రైవర్‌ను కొత్తదాంట్లోకే తెద్దాం. అయితే చుట్టూ చాలా మారిపోయింది, దాన్ని మళ్లీ సరిపెట్టాలి. నాలుగు రోజులివ్వు. ఇంకొకటి, సాయిలూ. తిరిగి తెచ్చిన డ్రైవర్‌కు బాధ్యత వహించే మనిషి పేరు ఫైల్లో ఉండాలి. ప్రతి కొత్త వెర్షన్నూ ఆ మనిషి నడిపి చూసి, బాగుందో లేదో చెప్పాలి. ఎవరి పేరు పెట్టను?"

"నాది పెట్టుండ్రి సార్."

"నువ్వు వాడవు కదయ్యా. నువ్వు కిటికీలోంచి చూస్తావు."

రూతక్క నా చేతిల నుంచి ఫోన్ గుంజుకున్నది. "నా పేరు రాసుకోండ్రి సార్. రూతు, రేగొండ."

"అమ్మా, మీకు ప్రోగ్రాం రాయడం వచ్చా?"

"రాదు సార్. ఏ తెర ఎప్పుడు అలుగుతదో తెలుసు."

నేను పక్కనుంచి, "నాక్కూడ రాదు గద సార్, ఇన్నేండ్లు నడిపియ్యలేదా?" అన్న.

"అవును, అది ఈ మధ్య బాగా తెలిసింది" అన్నడు ప్రసాద్ సారు. అందరూ పగలబడ్డరు. అందులోనే నా శిక్ష తీరిపోయింది.

అయిదోనాడు బస్సుల సీడీ వచ్చింది. కండక్టర్ చేతికిచ్చి పంపిండు సారు. వేసినం. ఒక్కొక్కటి కండ్లు తెరిచినయ్. ఒకటి, రెండు... ఏడు. ఎనిమిదోది తెర నిండ పిచ్చి గీతలు. ఫోన్ తీసి డ్రైవర్‌ల లోపముందని సారుకు చెప్పబోతున్న. రూతక్క నా చెయ్యి పట్టుకున్నది.

"ఆగు నాయినా, మళ్లా అడగకుంటనే రాస్తున్నవ్. అది వేసవిల పొద్దటిపూట గట్లనే చేస్తది. కిటికీ ఎండ తీగ మీద పడతది. కిటికీకి తడిబట్ట వెయ్యి."

తడిబట్ట వేసినం. పావుగంటల తెర చక్కబడ్డది. నేను గనుక ఫోన్ చేసి ఉంటే, హైదరాబాదుల ఒక మంచి మనిషి, అసలు లేనే లేని లోపం కోసం వారం దినాలు వెతికేటోడు. ఆ పూట నేర్చుకున్నది నాకు అంతకుముందు పన్నెండేండ్లల్ల రాలేదు.

మిగిలిన ఏడు రోజులు పిల్లలు పొద్దున, సాయంత్రం కొట్టిన్రు. కరెంటు పోతే అట్టముక్కలు తీసేటోళ్లు. అట్టలు పారెయ్యనియ్యలేదు. ఎనిమిదిమందిల అయిదుగురు పాసైనరు. తప్పిన ముగ్గురు మళ్లా యేడు రాసి ఇద్దరు పాసైన్రు. ఆ ఒక్కామె కుట్టుమిషన్ దుకాణం పెట్టి అందరికంటే ఎక్కువ సంపాదిస్తాంది. జమున మొదటిసారే పాసై, కొంతకాలానికి మానుకోటకు మార్పిచ్చుకున్నది. ఇప్పటికీ ఎక్కడ కనబడ్డా "సారూ, నేను నడుస్తున్ననా, పోయిన్ననా? జర చూసి రాసుకోండ్రి" అని నొసలు చూపిస్తది.

చాలన్నది

అటు తర్వాత ప్రతి కొత్త వెర్షన్ రేగొండకు పోయేది. రూతక్క ఎనిమిదిమందిని కూసొబెట్టి, "ఎంత జోరు గలిగితే అంత జోరు కొట్టుండ్రి" అని ఒక గంట దంచిపిచ్చేది. తర్వాత ఫోన్ల రిపోర్టు. "అన్నీ మంచిగున్నయ్. నాలుగోది జర నీలుగుతాంది." ఎక్కడెక్కడి దేశాల ఇంజనీర్లో ఫైలు తెరిస్తే ఆ డ్రైవర్ పక్కన "రూతు, రేగొండ" అని కనబడేది. ఒకసారి ఏ దేశపాయనో ఆమెకు ధన్యవాదాలు చెప్తూ ఈమెయిలు రాసిండు. నేను చదివి చెప్తే, "ఆయన దగ్గర గూడ ఎండకాలం అలుగుతదా అడుగు" అన్నది. అడిగిన. వాళ్లకు చలికాలం అలుగుతదట.

నా దసరా లెక్కను నేను పూర్తిగ ఇడిసిపెట్టలేదు. బొట్టుంటే నడుస్తాందని ఇప్పటికీ నమ్ముత. లేకపోతే మాత్రం తలుపు కొడుత, మనిషి వచ్చేదాక నిలబడుత, చీర కప్పినా తియ్యమని బతిమిలాడుత. మనిషి దొరకకపోతే మళ్లా పోత. మీరు గూడ గంతే చెయ్యుండ్రి.

రాష్ట్రం వచ్చినంక కొన్నాళ్లకు రూతక్కనే ఫోన్ చేసింది. "సాయిలూ, పిల్లలకు కొత్త కంప్యూటర్లు వచ్చినయ్, ఒక్కొక్కరికి ఒక్కోటి. ఇగ దీన్ని పండుకోనియ్యి."

"నిజంగనేనా అక్కా? ఇంకొంచెం నడిపియ్యరాదు?"

"నీకెప్పుడూ ఇంకొంచెమే" అన్నది.

ప్రసాద్ సారు గూడ వస్తనన్నడు. మనిషి రిటైరైతే ఎట్ల చేస్తమో అట్లనే చేసినం. ఇన్‌స్టిట్యూట్‌ల కుర్చీలు వేసినం. నాకు గూడ వేసిన్రు. కంప్యూటర్ లోపలికెల్లి ఆ కార్డు ఊడదీసి, తుడిచి, చిన్న శాలువా మీద పెట్టినం. రూతక్క దాని మీద చెయ్యి పెట్టి కండ్లు మూసుకొని ప్రార్థన చేసింది. ఆ ప్రార్థన నేను చూసుడు అదే మొదటిసారి. ప్రసాద్ సారు రెండు ముక్కలు మాట్లాడిండు, ఇస్త్రీ చేసిన ముక్కలే గానీ నడుమ ఒక ముక్క జర నలిగింది.

జమున మానుకోట నుంచి వచ్చింది. చేతిల చిన్న కుంకుమ భరిణె. భయం భయంగ అడిగింది, "అక్కా, నేను దీనికి ఒక్క బొట్టు పెట్టుకోనా?"

రూతక్క నవ్వింది. "పెట్టు బిడ్డా. ఇన్నేండ్లు నా మాట విన్నది. ఇగ రిటైరైంది గద, దాని ఇష్టం."

జమున బొట్టు పెట్టింది. నడిచినన్నొద్దులు బొట్టు లేని మిషన్‌కు, ఆగిపోయిననాడు బొట్టు. నా అసోంటోడు ఎవడన్న కిటికీల నుంచి చూసి "నడుస్తాంది" అని రాసుకుంటే ఎట్లనని నేనంటే, సారు కండ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్విండు.

ఆనాడే అక్కడ కూసొని వాక్యం రాయాల్సొచ్చింది. మొదటిసారి నిమిషం పట్టలేదని చెప్పిన గద. ఈసారి పొద్దూకిందాక రాసుడు, కొట్టేసుడు. రూతక్క రెండుసార్లు చాయ పెట్టింది. ఆఖరుకు రాసింది ఇది, ఫైల్ల ఇప్పటికీ ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు:

"వాడేటామెను అడిగినం. చాలన్నది."

కింద రెండు పేర్లు. ముందు ఆమెది.